తనిఖీ రోజున కడిగిన పెరడు

ఒక మనిషి మనకు తెలుసు అని చెప్పడానికి ఆ మనిషితో ఎన్నేళ్ళు కలిసి ఉండాలో ఎవరైనా చెబితే బాగుండును. నా తోడబుట్టిన అక్క నాకు తెలుసని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. ఆ రోజు జరిగింది కళ్ళారా చూశాను, చెవులారా విన్నాను, అయినా నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. ముందు మా బావ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇదంతా ఆయనగారి పురుగు తెచ్చిన తంటా.

మా బావ బాయిలర్ మనిషి. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీ మాది. మాది అంటే మేము పనిచేసేది. యజమాని ఎప్పుడో ఒకసారి కారు దిగి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఒక చుట్టు చుట్టి పోతాడు. ఆ లాండ్రీకి కావలసిన ఆవిరంతా మా బావ బాయిలర్ లోంచే రావాలి. నేను ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటాను. ఆవిరి కాస్త తగ్గితే, "బావా, నిద్రపోతున్నావా?" అని గోడ మీద కొడతాను. అటునుంచి ఆయన కడ్డీతో తిరిగి కొడతాడు. మా ఇద్దరికీ పొద్దస్తమానం ఇదే గోల.

పనిలో ఉన్నంతసేపూ మా బావ నోరు మూతపడదు. గేటు దగ్గర కాపలావాడితో మొదలుపెడితే దుప్పట్ల బండి డ్రైవరుదాకా ఎవరినీ వదలడు. ఇల్లు చేరాడా, ఆ నోటికి తాళం పడిపోతుంది. తింటాడు, రేడియో పెడతాడు, కుర్చీలోనే గుర్రుపెడతాడు. ఇంట్లో ఎవరో పరాయివాళ్ళు కాపురం చేస్తున్నట్టుంటుందని నేను వేళాకోళం చేస్తే అక్క నవ్వేసేది. నవ్వింది కదా అని నేనూ నవ్వేదాన్ని.

వాళ్ళ ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. బాయిలర్ గది వెనకాల ఒక పెరడు, ఆ పెరట్లో గోడకి ఆనుకుని రెండు గదులు. పెళ్ళైన కొత్తలో అందులో దిగారు, ఇంక కదల్లేదు. గదుల ముందు ఒక రాతిమెట్టు, ఎదురుగా పాత ఇటుకల కుప్ప, ఆ పక్కన దుంగలు. బాయిలర్ కట్టెలతో నడిచిన రోజుల్లో తెచ్చి పడేసిన దుంగలవి. బాయిలర్ నూనెకు మారాక వాటిని పట్టించుకున్న నాథుడు లేడు. అక్కడే నాని, నాచుపట్టి, కుళ్ళిపోయాయి. లాండ్రీ మురికినీళ్ళ గొట్టం ఆ పక్కనుంచే పోతుంది, ఎక్కడో చిన్న కన్నం పడి ఏడాది పొడుగునా పెరడు తడిగానే ఉంటుంది.

అక్క కూడా ఒకప్పుడు మా లాండ్రీలోనే, ఉతుకుడు హాల్లో చేసేది. తడినేల మీద నిలబడి నిలబడి మోకాళ్ళు పోయాయి, మానేసింది. కానీ అక్క చేసిన రోజుల్లో తనిఖీ అంటే ఆవిడే ముందు. ఆసుపత్రి వాళ్ళు వచ్చి చూసి పోయే రోజన్నమాట. ఎక్కడైనా ఒక మరక కనిపించిందా, దుప్పట్ల పని ఇంకో లాండ్రీకి పోతుంది. అందుకని తనిఖీ అన్నమాట చెవిన పడగానే మేమంతా చేసే పని ఒకటే. మరిగే నీళ్ళలో సోడా వేసి, బ్లీచింగ్ చల్లి, నేలా గోడలూ తోమి పారేస్తాం. లాండ్రీ మనుషులకి అది రక్తంలో ఉంటుంది. నేను మా ఇంటికి చుట్టాలొస్తున్నారంటే కూడా ముందు వెతికేది బ్లీచింగ్ డబ్బానే.

ఇక పురుగు. ఒకరోజు బావ ఎందుకో దుంగ ఒకటి పక్కకి దొర్లించి, నన్ను ఇస్త్రీ బల్ల దగ్గరనుంచి లాక్కుపోయాడు. చూద్దును కదా, దుంగ కింద నల్లటి పెంకుపురుగు. నా బొటనవేలి కణుపంత ఉంది. నలుపే కానీ వెలుతురు పడితే అంచున ఊదారంగు తేలుతుంది. తల సన్నగా, మెడ పొడుగ్గా, ముందు కత్తెరలాంటి దవడలు. దానికంటే పొడుగైన నత్తని పట్టుకుని ఉంది, గుల్ల లేని నత్త. కొరికి తింటుందేమో అనుకున్నాను. కాదు. నోట్లోంచి ఏదో నల్లటి రసం కక్కింది దాని మీద. చూస్తూ ఉండగానే ఆ నత్త కరగడం మొదలెట్టింది. కరిగిందాన్ని ఈ మహాతల్లి జుర్రుకుంటోంది. నా చేతిలో టీ గ్లాసు జారి దుంగమీద పడి పగిలింది. బావ మాత్రం మనవడి మొదటి అడుగులు చూస్తున్నట్టు మురిసిపోయాడు.

ఆ రోజునుంచీ అది "నల్లయ్య" అయింది. అది ఆడదో మగదో కూడా తెలీకుండా నల్లయ్య ఏమిటని నేనంటే, పేరు పెట్టేవాడికి ఆ మాత్రం హక్కు ఉండాలన్నాడు. బండి డ్రైవరు సరదాకి ఒకదాన్ని జామ్ సీసాలో పెట్టుకుని, తను దుప్పట్లు వేసే కాలేజీ హాస్టల్లో ఎవరికో చూపించాడు. మర్నాడే ఒక అమ్మాయి రొప్పుతూ మా గేటు దగ్గర దిగింది. కళ్ళజోడు, వీపున సంచీ, ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎప్పటిదో మట్టి. ఆ కాలేజీలో పురుగుల గురించి పాఠం చెబుతుందట, మేమందరం ఆమెకి పురుగుల మేడమ్ అని పేరు పెట్టేశాం. వచ్చీ రావడంతోనే పెరట్లో బోర్లా పడుకుంది. లేచేసరికి కళ్ళనిండా నీళ్ళు. మేము బిత్తరపోయాం.

ఆ జాతిని ఒక తరం కిందట ఎవరో చూశారట, ఆ తర్వాత కనిపించలేదట. ఎక్కడెక్కడ వెతికినా లేదు, పోయిందనే అనుకున్నారట. దాని వీపు మీది పెంకులు రెండూ అతుక్కుపోయి ఉంటాయనీ, లోపల రెక్కలు లేవనీ, అది ఎగరలేదనీ చెప్పింది. నడవగలిగినంత మేరే దాని లోకం. మధ్యలో తారు రోడ్డు పడితే అవతలికి పోలేదు. పుట్టినచోటే బతకాలి, అక్కడే చావాలి. ఇది వినగానే మా బావ ఛాతీ రెండింతలైంది. "నాలాగే అన్నమాట," అన్నాడు. అందరం నవ్వాం.

సరిగ్గా అప్పుడే యజమాని పిడుగులాంటి కబురు పంపాడు. ఆ పెరడూ గదులూ పడగొట్టి గోదాము కట్టుకోడానికి ఎవరికో ఇచ్చేస్తున్నాడట. వంతెన అవతల కొత్త మేడలో, మూడో అంతస్తులో, రెండు గదులు బావకి ఇస్తాడట. బావ ఆఫీసు గదిలో అందరి ముందూ బల్ల గుద్ది చెప్పాడు. తను కదలడు. తన భార్య అయితే ప్రాణం పోయినా ఆ గుమ్మం దిగదు. అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నేనూ చప్పట్లు కొట్టాను. సాయంత్రం వెళ్ళి అక్కకి ఆ మాటలు అభినయించి మరీ చెప్పాను. అక్క కూరగాయలు తరుగుతోంది. "అలా అన్నారా," అంది. అంతే. ఉబ్బితబ్బిబ్బైపోయి మాట రావడం లేదనుకున్నాను.

యజమాని మనసు మారలేదు. కానీ పురుగుల మేడమ్ ఒక దారి చెప్పింది. మునిసిపల్ వాళ్ళు ఒక కమిటీని పంపుతారు. ఆ పురుగు అక్కడ ప్రాణంతో ఉందనీ, పిల్లలు పెడుతోందనీ ఆ కమిటీ స్వయంగా చూస్తే ఆ పెరట్లో ఇటుక మీద ఇటుక పెట్టడానికి వీల్లేదు. ఇల్లు కూడా నిలుస్తుంది. చూడకపోతే అదే వారం పడగొట్టడానికి అనుమతి వచ్చేస్తుంది. ఇంతే లెక్క, అక్కకి కూడా నేను ఇంతవరకే చెప్పాను. నల్లయ్య కనిపిస్తే బావ ఇల్లు ఉంటుంది, లేకపోతే లేదు.

ఇక చూడాలి మా బావని. గంపెడాశతో మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయాడు. దుంగల దగ్గరికి ఎవరూ రావద్దనీ, సబ్బునీళ్ళు అటు పారబోయొద్దనీ, పాపం అది ఎగరలేని జీవమనీ ఒక్కొక్కరికీ చెప్పాడు. టీ తెచ్చేవాడికి చెప్పాడు. ఆసుపత్రి దుప్పట్లు దింపే ఆడవాళ్ళకి చెప్పాడు. నా చెవులైతే చిల్లులు పడ్డాయి. చెప్పి చెప్పి అలిసిపోయి ఇంటికి వెళ్ళి, ఎప్పటిలాగే రేడియో పెట్టుకుని నిద్రపోయేవాడు.

కమిటీ వచ్చే రోజు బావ ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ చేసింది నేనే, కాలరు కత్తిలా నిలబెట్టాను. వాళ్ళని బస్సు దిగేచోట కలిసి తీసుకురావాలని ఇద్దరం వెళ్ళాం. బస్సు ఆలస్యమైంది. బావ ఒక్కచోట నిలబడితే ఒట్టు. చివరికి దిగారు. కమిటీ పెద్దాయన, ఆయన వెంట ఇంకొకాయన, పురుగుల మేడమ్. దారి పొడుగునా బావ నల్లయ్య పుట్టుపూర్వోత్తరాలు చెబుతూనే ఉన్నాడు. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. అలాంటి చోటు ఇన్నాళ్ళు కాపాడుకొచ్చిన మనిషిని చూడటమే సంతోషమన్నాడు. నా బావ గురించి ఒక పెద్దమనిషి అలా అనడం నేను ఆ రోజే విన్నాను.

బాయిలర్ గది దాటకముందే నా ముక్కుకి వాసన తగిలింది. బ్లీచింగ్. నేను ఆ వాసన నిద్రలో కూడా గుర్తుపడతాను.

పెరడు మెరిసిపోతోంది. అబద్ధం కాదు, మెరిసిపోతోంది. దుంగలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. అవి ఉన్నచోట నేల తెల్లగా పాలిపోయి ఆవిర్లు కక్కుతోంది. ఇటుకలు కడిగి, గోడ వెంబడి వరసగా పేర్చి ఉన్నాయి. నాచు లేదు, ఆకు లేదు, తడిమట్టి లేదు. బాయిలర్ వేడినీళ్ళ కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టం మధ్యలో చుట్ట చుట్టుకుని పడి ఉంది. గుమ్మంలో అక్క, చేతులు మోచేతులదాకా ఎర్రగా కమిలిపోయి, నిలబడి ఉంది.

పురుగుల మేడమ్ నడిచి వెళ్ళి నురగ కట్టిన చిన్న మడుగు దగ్గర గొంతుకూర్చుంది. అందులోంచి ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. కాళ్ళు ముడుచుకుని, ఊదారంగంతా పోయి, మాడిన గింజలా ఉంది. ఆ అమ్మాయి ఎవరినీ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది నాకు.

పెద్దాయన నెమ్మదిగా అడిగాడు, ఇది ఎవరు చేశారని.

బావ అక్కవైపు చూశాడు. చూసింది రెప్పపాటే. "నేనేనండి," అన్నాడు. "తనిఖీ అంటే కడగడం అలవాటు మాకు. నేనే కడగమని చెప్పాను. బుర్ర పనిచెయ్యలేదు."

పొద్దున్నుంచీ నా పక్కనే ఉన్న మనిషి, ఆ దుంగల మీద ఈగ వాలితే తోలిన మనిషి, అబద్ధమాడుతున్నాడు. ఆ కమిటీ వాళ్ళకి కూడా అది అబద్ధమని తెలుస్తూనే ఉంది. దారంతా విన్నారు కదా. అయినా ఎవరూ తర్కించలేదు. వాళ్ళు ఇటుకలు ఎత్తి చూశారు, గోడ మొదట్లో గీకి చూశారు. అన్నీ చచ్చినవే. బతికున్నది కళ్ళతో చూడకుండా ఏమీ రాయలేమని పెద్దాయన బాధపడుతూనే చెప్పి, రిపోర్టు రాయడానికి ముందువైపు ఆఫీసు గదిలోకి నడిచాడు. మేడమ్ బతిమాలుకుంటూ ఆయన వెనకే వెళ్ళింది.

మేం ముగ్గురం మిగిలాం. బావ పేర్చిన ఇటుకల మీద కూలబడ్డాడు. అక్కని ఒక్క మాట అనలేదు. పైపెచ్చు నాతో చెబుతున్నాడు, మీ అక్క తప్పేం లేదని, జీవితమంతా చేసిన పనేనని, పాపం మంచికే చేసిందని. అతిథులొస్తున్నారు కదా అని ఆ మోకాళ్ళతో ఇంత పెరడూ కడిగిందట. నేనూ అలాగే అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను కానీ, మనసులో ఒకటి ముల్లులా గుచ్చుకుంటోంది. నా నోరు మంచిది కాదు, ఆగదు.

"అక్కా, దుంగలు ఏమయ్యాయి?" అన్నాను. చెత్తబండి తీసుకుపోయిందంది. మా వీధికి చెత్తబండి తనంతట తాను రాదు, ముందే వెళ్ళి చెప్పాలి. "చెత్తబండిని ఎవరు పిలిచారు?"

"నేనే. నిన్ననే చెప్పి ఉంచాను," అంది అక్క.

బావ తలెత్తాడు. "తనిఖీ అని... అలవాటు కొద్దీ కదా," అన్నాడు, అవునని చెప్పమని బతిమాలుతున్నట్టు.

"అలవాటు కొద్దీ కాదండీ. తెలిసే కడిగాను."

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. నా అక్క. గట్టిగా తలుపు వేయడం కూడా తెలియని మనిషి. పిల్లి పాలు తాగిపోతే, పోనీలే దాహమేసిందేమో అనే మనిషి. మా బావ ఇల్లు నిలబెట్టుకోవడానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ మరిగే నీళ్ళు పోసి కడిగేసి, అది చెబుతూ కళ్ళైనా దించుకోవడం లేదు. నాకు భయమేసింది, నిజంగా. ఇన్నాళ్ళూ నేను ఎవరి పక్కన కూర్చుని టీ తాగాను అనిపించింది.

తర్వాత అక్క చెప్పుకుపోయింది. గొంతు పెంచలేదు. మేమంతా బల్లలు గుద్దుకుంటూ, చప్పట్లు కొట్టుకుంటూ ఉన్న రోజుల్లో ఆవిడ ఒక్కతే వంతెన దాటి వెళ్ళి ఆ మూడో అంతస్తు గదులు చూసి వచ్చిందట. మెట్లు ఎక్కడానికి మోకాళ్ళు ఏడ్చాయి, అయినా ఎక్కిందట. ఈ ఇంట్లో మంచం గోడకి ఆనిస్తే పరుపు నానుతుంది. కిటికీ తెరిస్తే బాయిలర్ మసి. దగ్గు పట్టుకుంటే వదలదు. "లాండ్రీ వెనకాల కాపురం నాది. నా బట్టలు ఒక్కనాడైనా ఎండలో ఆరాయా?" అంది. "నా భార్య ఈ గుమ్మం దిగదని అందరి ముందూ చెప్పారట. దిగుతావా అని నన్ను అడిగారా?"

నేను ఏదో అందామనుకున్నాను. కానీ అక్క చూపు నా మీదకి కూడా వచ్చింది. నేను నోరు మూసుకున్నాను.

బావ ఆ నురగ మడుగు వైపు చూసి అన్నాడు, "దానికి అవి ఏం చేశాయే? అన్నీ చచ్చిపోయాయి."

"చంపాలని కాదు. నీళ్ళు పడితే ఎగిరి ఏ పక్కింటికో పోతాయనుకున్నాను. పురుగులే కదా."

"అవి ఎగరలేవు."

"ఏమిటీ?"

"వాటికి రెక్కలు లేవు. ఎక్కడికీ పోలేవు. ఇంకెక్కడా లేవు కూడా."

అక్క ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. గుమ్మం పట్టుకుంది. ఎర్రగా కమిలిన తన చేతులు చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు. "టీ తెచ్చేవాడికి కూడా చెప్పారటగా ఈ పురుగు గురించి," అంది. "వాడు మొన్న నాతో అన్నాడు, మీవారు భలే చెబుతారండీ అని. నాకెందుకు చెప్పలేదు?"

మా బావ అన్నేళ్ళ బాయిలర్ పనిలో ఎన్నోసార్లు చేతులు కాల్చుకున్నాడు. ఒకసారి ఆవిరి తగిలి మోచెయ్యంతా బొబ్బలెక్కింది. అప్పుడు కూడా పళ్ళు బిగించుకుని జోకులేశాడు. ఆ రోజు మాత్రం ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. వీపు కదలడం చూసి నేను అటు తిరిగిపోయాను.

అక్క తనలో తనే గొణుక్కుంటోంది. మెట్టు వైపు పరిగెత్తాయి, ఒక్కటీ ఎగరలేదు, ఇదేమిటి ఇవి ఇలా పరిగెడుతున్నాయి అనుకున్నాను, అంటూ. అంటూనే రాతిమెట్టు వైపు చూసి, అక్కడే నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. ఆ మోకాళ్ళు ఎలా వంగాయో తెలీదు. నన్ను బాయిలర్ కడ్డీ తెమ్మంది. ఎందుకని అడగలేదు నేను, తెచ్చి ఇచ్చాను. రెండు ఇటుకలు అడ్డం పెట్టి, ఇద్దరం కలిసి మెట్టు అంచు కింద కడ్డీ దూర్చి పైకెత్తాం. వేడినీళ్ళు ఆ రాయి మీదుగా జారిపోయాయి కానీ అడుగుకి దిగలేదు. కింద చల్లటి నల్లమట్టి ఉంది.

మట్టిలో నల్లగా, ఊదా అంచుతో, ఒకటి కదిలింది. దాని వెనక ఇంకోటి. ఒక మూలగా సన్నటి నల్లటి పురుగులు, కాళ్ళతో, పెంకులు ఇంకా రానివి. పిల్లలు. ఇలా ఉంటాయని మేడమ్ మాకు ఒకసారి పుస్తకంలో బొమ్మ చూపించింది. ప్రాణంతో ఉన్నాయి. రాయెత్తితే వెలుతురు పడిందని కంగారుగా మట్టిలోకి దూరుతున్నాయి.

అక్కని చూశాను. బావ అటువైపు తిరిగి కూర్చుని ఉన్నాడు, ఏమీ చూడలేదు. ఆఫీసు గదిలో రిపోర్టు రాస్తున్నారు. కడ్డీ కొంచెం వదిలితే చాలు. రాయి దాని చోటుకి అది వెళ్ళిపోతుంది, వారం తిరక్కుండా అక్క తన ఎండ గదుల్లో ఉంటుంది. నేను నోరు విప్పేదాన్ని కాదు. ఆ మాటకొస్తే ఏమో, విప్పేదాన్నేమో, నా సంగతి కూడా నాకు తెలియదు. అక్క నా ముఖం చూసింది, పురుగుల్ని చూసింది.

"ఏవండీ," అని పిలిచింది. "ఇటు రండి."

బావ వచ్చాడు. వంగి చూశాడు. ముఖం ఒక్కసారిగా విప్పారింది, నేను ఆ ముఖం మర్చిపోను. లేచి ఆఫీసువైపు పరుగందుకున్నాడు. బాయిలర్ గది తలుపుదాకా వెళ్ళి, అక్కడ టక్కున ఆగాడు. తర్వాత వెనక్కి తిరిగి నడిచి వచ్చి అక్క ముందు నేల మీద, ఆ బ్లీచింగ్ తడిలో, కొత్త ఇస్త్రీ బట్టలతో కూర్చున్నాడు.

"వాళ్ళని పిలవనా?" అని అడిగాడు. "నువ్వు వద్దంటే పిలవను."

ఒట్టేసి చెబుతున్నాను, మా బావ మా అక్కని ఒక విషయం అడగడం నేను చూడటం అదే మొదలు. అక్క చెక్కిళ్ళ మీదుగా నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"పిలుద్దురుగాని," అంది. "ముందు ఆ గదులు ఎలా ఉన్నాయో నన్ను అడగండి."

"ఎలా ఉన్నాయి?" అన్నాడు బావ.

అక్క చెప్పింది. పొద్దున్న ఎండ ఒక కిటికీలోంచి వచ్చి గది దాటి పొయ్యిదాకా వస్తుందట. బయట చిన్న వసారా, దానికి అప్పుడే తీగ కట్టి ఉందట, బట్టలకి. గోడ ఎలా ఉందో తెలుసుకుందామని ఎవరూ లేకుండా చూసి చెంప ఆనించిందట. పొడిగా, వెచ్చగా ఉందట. అక్కడే నేల మీద కాసేపు ఊరికే కూర్చుని వచ్చిందట. మంచం ఏ గోడకి వెయ్యాలో కూడా అనుకుందట. బావ మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా విన్నాడు. నేను కడ్డీ మీద బరువు వేసి, రాయి జారకుండా పట్టుకుని నిలబడ్డాను. చేతులు లాగేస్తున్నా కదల్లేదు.

చెప్పడం అయ్యాక అక్క ముఖం తుడుచుకుంది. ఎండ తగిలి అవి చస్తాయనీ, వాళ్ళు వెళ్ళిపోతారనీ, ఇక వెళ్ళి పిలవమనీ అంది. బావ లేచి వెళ్ళి పిలుచుకొచ్చాడు.

పెరడు నిలిచింది. మా అక్క ఇంకా ఆ పెరటి ఇంట్లోనే ఉంది.